మెట్ల మలుపు దగ్గర ఆగిపోయిన వైఫై

మా ఇంట్లో కింది నుంచి మేడ మీదికి 18 మెట్లు. తొమ్మిదో మెట్టు దగ్గర మలుపు. అక్కడొక కిటికీ, కిటికీ కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ. మూడేళ్ల పాటు అదే మా నాన్నగారి టెలిఫోన్ బూత్. ఆదివారం పొద్దున్నే టెక్సస్ నుంచి అక్క వీడియో కాల్ చేస్తే, మేడ గదిలో ఉన్న ఆయన కళ్లజోడు వెతుక్కుని తొమ్మిది మెట్లు దిగి ఆ కుర్చీలో కూర్చునేవారు. గదిలోనే మాట్లాడదామంటే మనవరాలి మొహం గళ్లుగళ్లుగా విడిపోయేది. మాట ముందొచ్చేది, పెదవులు తర్వాత కదిలేవి. కాసేపటికి తెర మీద చక్రం తిరగడం మొదలు. "నాన్నా, మెట్ల దగ్గరికి రా" అని అక్క అరిచేది. దాదాపు 14,000 కిలోమీటర్లు దాటి వచ్చిన బొమ్మ మా ఇంట్లో తొమ్మిది మెట్లు ఎక్కలేక చతికిలపడేది.

మేం చేయని వైద్యం లేదు. రౌటరును టీవీ స్టాండు అరలోంచి తీసి సజ్జ మీద పెట్టాం. యాంటెన్నాలు ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పాం. రెండు కొమ్ములున్నది తీసేసి నాలుగు కొమ్ములున్నది తెచ్చాం. మా బావమరిది మాట విని, గోడ ప్లగ్గులో గుచ్చే బూస్టర్ కొన్నాం. అది పెట్టాక ఫోనులో గీతలు నిండుగా కనిపించాయి. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

క్రితం సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించాం. మేడ గదిలో బీరువా జరిపి గోడ గీకుతున్న పెయింటర్ నన్ను పిలిచి, "సార్, ఇక్కడ స్విచ్ లేని బోర్డు ఒకటుంది. లప్పం పెట్టి మూసేయమంటారా?" అని అడిగాడు. దగ్గరికెళ్లి చూస్తే రెండు పొరల సున్నం కింద తెల్లటి ప్లేటు, మధ్యలో చిన్న చతురస్రపు కన్నం. అది నెట్ సాకెట్. 2008లో ఇల్లు కడుతున్నప్పుడు ఎలక్ట్రీషియన్, "పైపులు ఎలాగూ వేస్తున్నాం కదా, కంప్యూటర్ గదికి నెట్ వైరు కూడా లాగేద్దాం" అన్నాడు. అప్పుడు ఆ గదిలో డెస్క్‌టాప్ ఉండేది. తర్వాత లాప్‌టాప్‌లు, ఫోన్లు వచ్చాయి. డెస్క్‌టాప్ పోయింది, ఆ స్థలంలోకి బీరువా వచ్చింది. గోడలో తీగ ఉందన్న సంగతే అందరం మరిచిపోయాం. కొమ్ముల మీద కొమ్ములు కొంటున్న రోజుల్లో కూడా అది అక్కడే ఉంది.

ఇలాంటి తీగలు తెలుగు పట్టణాల్లో చాలా ఇళ్ల గోడల్లో ఉన్నాయి. 2004 నాటి జాతీయ బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనమంది. ఆ కాలంలో కాలనీల్లో నెట్ ఇచ్చేది చాలాచోట్ల కేబుల్ టీవీ కుర్రాళ్లే. ఒక డాబా మీద చిన్న ఇనుప పెట్టె, అందులో స్విచ్చు, అక్కడి నుంచి డాబా మీదుగా డాబాకి నీలం తీగ. ఉరుములు మొదలైతే నెట్ వైరు పీకేయమని ఇంటింటా ఒకరు కేకేసేవారు. పీకకపోతే పిడుగు పొరుగూళ్లో పడినా కంప్యూటర్ పోర్టు ఇక్కడ మాడేది. తర్వాత ఫైబర్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు చేరింది. తెలంగాణలో టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీటి పైపుల కందకాలే దారి ఇచ్చాయి. గాజు పోగులో కరెంటు పారదు కాబట్టి ఉరుముల భయం చాలావరకు తగ్గింది. గుమ్మం దాకా గాజు దారం వచ్చింది సరే. గుమ్మం లోపల కథ మాత్రం ఒక రౌటరు దగ్గరే ఆగిపోయింది.

ఈథర్ అంటే ఆకాశమే

వైరుకీ గాలికీ వైరం ఉన్నట్టు మాట్లాడతాం గానీ వాటిది ఒకే కడుపు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం సముద్రం మధ్యలో దీవులను కలపడానికి 1971లో రేడియో ద్వారా కంప్యూటర్ల నెట్‌వర్కు నడిపింది. దాని పేరు అలోహానెట్. ఒకే తరంగం మీద అందరూ మాట్లాడతారు, ఇద్దరి మాటలు ఢీకొంటే కాసేపాగి మళ్లీ చెబుతారు. అంతే సూత్రం. అబ్రామ్సన్ రాసింది చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో అదే ఆలోచనను కేబుల్లోకి దించాడు. కాంతి, రేడియో తరంగాలు ఈథర్ అనే కనిపించని పదార్థంలో పాకుతాయని వెనకటి శాస్త్రజ్ఞులు నమ్మేవారు. ఆ పేరే తన తీగకు పెట్టుకుని ఈథర్‌నెట్ అన్నాడు. గోడలో ఉన్న తీగకు ఆకాశం పేరు!

ఆకాశం నుంచి తీగలోకి దిగిన ఆ పద్ధతి 1997లో ఐఈఈఈ సంస్థ 802.11 ప్రమాణంతో మళ్లీ గాలిలోకి ఎక్కింది. అప్పటి వేగం సెకనుకు రెండు మెగాబిట్లు. వైఫై అన్నది అక్షరాలు కుదించి చేసిన పేరు కాదు, అమ్మకానికి బాగుంటుందని ఒక పేర్లు పెట్టే కంపెనీతో పెట్టించుకున్న పేరు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2005లో నియమాలు ఇచ్చింది. ఐదు గిగాహెర్ట్జ్ దగ్గర 605 మెగాహెర్ట్జ్ మేర విశాలమైన జాగా 2018లో అలాగే తెరుచుకుంది.

తీగకూ గాలికీ అసలు తేడా వేగంలో కాదు, వంతులో ఉంది. ఈథర్‌నెట్ తీగలో అటూ ఇటూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. వైఫై పెళ్లిపందిట్లో ఉన్న ఒకే మైకు లాంటిది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. పక్కింటివాళ్లు అదే ఛానల్లో ఉంటే వాళ్లకూ వంతు ఇవ్వాలి. మేం కొన్న బూస్టర్ ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది. మైకులో చెప్పిన ప్రతి మాటనూ పందిరి మధ్యలో నిలబడి మళ్లీ చెప్పే మనిషి అది. ఒక మాటకు రెండు వంతులు ఖర్చు, కాబట్టి వేగం సగానికి పడుతుంది. పైగా ఆ మనిషిని సరిగ్గా మాట వినిపించని చోటే నిలబెట్టాం. తనకు వినిపించిన ముక్కలే గట్టిగా చెప్పాడు. ఫోనులో నిండుగా కనిపించిన గీతలు ఆ గట్టిదనమే.

మన ఇల్లు, వాళ్ల ఇల్లు

అక్కకు ఈ గొడవంతా వింతగా ఉండేది. వాళ్లది మా ఇంటికి రెండింతలున్న ఇల్లు. ఒక్క రౌటరుతో నడుస్తుంది. అక్కడ ఇల్లంటే కర్రల చట్రం, దానికి రెండువైపులా జిప్సమ్ బోర్డు. రేడియో తరంగానికి అది పరదా. మనది తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన ఇనుప రాడ్ల అల్లిక మీద పోసిన కాంక్రీటు శ్లాబు. వైఫై పెట్టెల మీద "ఇల్లంతా సిగ్నల్" అని రాసేవాడు ఏ ఇంటిని ఊహించుకుని రాశాడో మనకు తెలియాలి కదా. దీనికి తోడు స్టీలు బీరువా, దాని అద్దం వెనక లోహపు పూత, మేడ మీద నీళ్ల ట్యాంకు. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి.

ఫోనులో గీతలు చూసి నమ్మొద్దు. ఉచితంగా దొరికే వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా పెట్టుకుంటే బలాన్ని డీబీఎం లెక్కలో చూపిస్తుంది. మైనస్ గుర్తు ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 అంటే భేషుగ్గా ఉన్నట్టు, మైనస్ 67 దాకా వీడియో కాల్ నడుస్తుంది, మైనస్ 80 అంటే ఇక కష్టం. ఇందులో ప్రతి పది అంకెలకూ బలం పదో వంతుకు పడుతుంది. మా ఇంట్లో హాల్లో మైనస్ 48. మెట్ల మలుపులో 66. మేడ గదిలో 81. హాలుకీ గదికీ మధ్య బలం రెండు వేల రెట్లు తగ్గిందన్నమాట. నాన్నగారు యాప్ లేకుండానే, కుర్చీ వేసుకునే చోటు సరిగ్గా కనిపెట్టారు.

నాలుగు కొమ్ముల రౌటరు కూడా ఎందుకు గట్టెక్కించలేదంటారా? మాట రెండువైపులా నడవాలి. రౌటరు ఎంత గట్టిగా అరిచినా ఫోను గొంతు చిన్నది, బ్యాటరీ కోసం అది పొదుపుగానే పలుకుతుంది. పైనుంచి ఆ పీల గొంతు కింద రౌటరుకు వినపడాలి. అందుకే రౌటరును పెద్దది చేయడం కన్నా ఫోనుకు దగ్గరగా ఇంకో చెవి పెట్టడం మేలు. ఆ చెవికి హాలు దాకా తీగ ఉంటే శ్లాబును దాటాల్సిన పని గాలికి ఉండదు. కనిపించని ఈ వైఫై గాలిలో ప్రయాణించేది చివరి నాలుగడుగులే. మిగతా దారంతా తీగే మోస్తుంది.

ఎనిమిది పోగుల లెక్క

పైన సాకెట్ దొరికింది. దాని రెండో కొస ఎక్కడ? హాల్లో టీవీ వెనక ఖాళీ ప్లేటు విప్పితే, చుట్ట చుట్టి పైపులోకి తోసేసిన నీలం తీగ బయటపడింది. తొడుగు మీద క్యాట్ 5ఈ అని చిన్న అక్షరాలు. ఇలాంటి తీగ 100 మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్ మోయగలదు. మాది పాతిక మీటర్లు కూడా ఉండదు. పదహారేళ్ల తీగ కదా, పనిచేస్తుందా అని అనుమానం వచ్చింది. గోడలో ఎండ తగలని రాగికి వయసు పెద్దగా మీద పడదు. పాడయ్యేవి కొసలే.

లోపల ఎనిమిది పోగులు, నాలుగు జతలు. ఒక్కో జత మెలితిప్పి ఉంటుంది. పక్క జతల రొద తనలోకి రాకుండా ఆ మెలిక కాపాడుతుంది. కాబట్టి జాక్ కొట్టేటప్పుడు మెలిక ఎక్కువ విప్పకూడదు. వరస ఇది: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ అదే వరస. నెట్ కుర్రాళ్లు దీన్ని కళ్లు మూసుకుని కొట్టేస్తారు. నాకు నాలుగు జాకులు పాడయ్యాయి.

ఐదోది కుదిరింది, దీపం వెలిగింది. కానీ లాప్‌టాప్ సెట్టింగుల్లో లింక్ స్పీడు 100 మెగాబిట్లే చూపించింది. ఇక్కడే చాలామంది తీగ పాతదని తీర్పు చెప్పేస్తారు. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. అంటే తక్కిన రెండు జతల్లో ఎక్కడో ఒక పోగు అంటుకోలేదన్నమాట. పైన సాకెట్ విప్పి చూస్తే గోధుమ పోగు ఊడి ఉంది. దాన్ని కూర్చోబెట్టాక అంకె పక్కన ఇంకో సున్నా చేరింది.

కొత్తగా తీగ కొనేవాళ్లకు ఒక మాట. మరీ చవగ్గా వస్తోందంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం కావచ్చు. పోగు కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా తేలుతుంది. వంచితే విరిగే గుణం దానిది, జాక్ దగ్గర కొన్నాళ్లకు సతాయిస్తుంది. కరెంటు తీగలున్న పైపులోనే నెట్ వైరు దూర్చే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. ఒప్పుకోవద్దు. తొడుగు ఎక్కడైనా చిట్లితే 230 వోల్టులు మీ రౌటరులోకి, అక్కడి నుంచి మీ చేతిలోకి వస్తాయి.

ఊరికి ఇద్దరు కరణాలు

తీగ చేతికొచ్చింది కాబట్టి, అటక మీద పడి ఉన్న పాత రెండు కొమ్ముల రౌటరును మేడ గదిలో పెట్టి తగిలించాను. అది కొత్త పేరుతో వైఫై ఇచ్చింది, వేగం బాగుంది, ఇల్లంతా మెచ్చుకుంది. మర్నాడు మా అబ్బాయి పైనుంచి ప్రింటు ఇస్తే కింద ప్రింటరు ఉలకలేదు. టీవీ మీద ఫొటోలు వేయబోతే ఫోనుకు టీవీయే కనపడలేదు.

తప్పు ఎక్కడంటే, కింది నుంచి వచ్చిన తీగను పాత రౌటరు వెనక రంగు వేరుగా ఉండే వ్యాన్ పోర్టులో గుచ్చాను. ఆ గుమ్మంలోంచి ఏది వచ్చినా రౌటరు దాన్ని బయటి ప్రపంచమనుకుంటుంది. తన వెనక వాళ్లకు ప్రహరీ కట్టేస్తుంది. ఊళ్లో ఇంకో ఊరు తయారైంది. పై ఊరివాళ్లకు కింది ఊరి ప్రింటరు కనపడదు.

సరే అని తీగను పక్కనున్న మామూలు ల్యాన్ పోర్టులోకి మార్చాను. ప్రహరీ పోయింది గానీ గందరగోళం వచ్చింది. కొన్ని ఫోన్లకు నెట్ వస్తోంది, కొన్నింటికి లేదు. ఇంట్లో ప్రతి పరికరానికీ ఒక అంకెల చిరునామా కావాలి. దాన్ని పంచేది రౌటరులోని డీహెచ్‌సీపీ సర్వరు. ఇప్పుడు రెండు రౌటర్లూ పంచుతున్నాయి. ఒక ఊరికి ఇద్దరు కరణాలుండి ఒకే సర్వే నంబరు ఇద్దరి పేర రాసినట్టయింది.

పాత రౌటరులో డీహెచ్‌సీపీ ఆపేయడమే దీనికి మందు. దానికి ముందు ఇంకో పని ఉంది. దాని సొంత చిరునామా మార్చాలి. చాలా రౌటర్లు పుట్టుకతో 192.168.1.1 లేదా 192.168.0.1 అనే చెప్పుకుంటాయి. కింద ఉన్నది 192.168.1.1 అయితే పై దానికి 192.168.1.2 ఇచ్చి, ఆ అంకెను ఇంకెవరికీ పంచొద్దని కింది దానికి చెప్పాలి. ఈ పనులన్నీ పాత రౌటరును ఒక్క లాప్‌టాప్‌కు తగిలించుకుని, ఇంటి నెట్‌వర్కులో కలపక ముందే చేసుకోవాలి. కొంచెం కొత్త మోడళ్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఇవన్నీ దానంతట అదే చేసుకుంటుంది. నా పాతదానికి ఆ తెలివి లేదు.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పేస్తాను. అంతా సర్దాక హాల్లో ఒక పొట్టి తీగ కొస వేలాడుతూ కనిపించింది. చూడ్డానికి బాగుండదని పక్కనున్న ఖాళీ పోర్టులో పెట్టేశాను. దాని రెండో కొస కూడా అదే పెట్టెలో ఉందని చూసుకోలేదు. దీపాలన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకోవడం మొదలెట్టాయి, ఇల్లంతటికీ నెట్ పోయింది. అందరికీ అని బయల్దేరిన సందేశం ఆ చుట్టులో పడి తిరుగుతూ ఇంకా ఇంకా పెరుగుతుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క లేదు, తనంతట తాను చావదు. గంటసేపు నెట్ కంపెనీ వాళ్లను తిట్టుకున్నాక నా తీగ నాకే దొరికింది.

పెట్టె మీది అంకె

పాత రౌటరుతో నెల నడిపాక కొత్తది కొందామని బజారుకెళ్లాను. తయారీదారు భద్రతా మార్పులు పంపడం మానేసిన పరికరాన్ని ఎన్నాళ్లో ఉంచుకోకూడదు. దుకాణంలో ఒక పెట్టె మీద ఏసీ1200 అని పెద్దక్షరాలు. ఆ 1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 300, ఐదులో 867, ఈ రెండింటినీ కూడి పైకి సర్దిన అంకె. మామూలుగా ఏ ఫోనూ ఆ రెండింటినీ కలిపి వాడదు. తీరా వెనక పోర్టులు చూస్తే 100 మెగాబిట్లవే. ఇరుకు పైపు చివర వెడల్పాటి కుళాయి బిగించినట్టు. ప్రతి పోర్టూ గిగాబిట్ అని రాసి ఉంటేనే కొనండి. మెష్ అని అమ్మేవి కూడా మంచివే, వాటికీ వెనక తీగ తగిలిస్తే ఇంకా బాగా పనిచేస్తాయి. చాలామంది ఆ సంగతి తెలియక, గోడలో తీగ ఉండి కూడా వాటిని గాలి మీదే నడిపిస్తున్నారు.

కరెంటు పోయే ఇళ్లకు పనికొచ్చే సదుపాయం ఒకటుంది. నెట్ తీగలోంచే కరెంటు పంపడానికి 2003లో 802.3ఏఎఫ్ అనే ప్రమాణం వచ్చింది, 15.4 వాట్ల దాకా పంపొచ్చు. దానికి తగ్గ యాక్సెస్ పాయింట్ కొంటే మేడ మీద ప్లగ్గు అక్కర్లేదు, కింద ఒక్క చిన్న యూపీఎస్ రెండింటినీ బతికిస్తుంది. మామూలు రౌటరుకు మాత్రం అలా కరెంటు ఎక్కదు.

రెండు చోట్లా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాను, మెట్లెక్కుతుంటే ఫోను దానంతట అదే మారుతుందని. ఛానళ్లు మాత్రం వేరు. 2.4 బ్యాండులో ఒకదాన్నొకటి తొక్కుకోనివి 1, 6, 11. కింద ఒకటి, పైన పదకొండు. అయినా ఫోను మొండికేసి పైకి వచ్చాక కూడా కింది దాన్నే పట్టుకు వేలాడేది. ఎప్పుడు మారాలో తేల్చుకునేది రౌటరు కాదు, ఫోనే. దీనికి మందు మన బుద్ధికి విరుద్ధంగా ఉంటుంది: రెండింటి బలమూ తగ్గించాలి. కింది దాని అరుపు మేడ గదిలో వినపడకపోతేనే ఫోను దాన్ని వదులుతుంది. మూడేళ్లు బలం పెంచడానికి డబ్బు తగలేసి, చివరికి మీడియం అనే మీట నొక్కాక పని జరిగింది.

తాళం సంగతి మరవొద్దు. గోడలోని తీగను దొంగిలించాలంటే ఇంట్లోకి రావాలి. గాలిని దొంగిలించడానికి వీధిలో నిలబడితే చాలు. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన ఈమెయిల్ జాడ తీస్తే, నవీ ముంబైలో ఒక ఫ్లాటు వైఫై దగ్గర తేలింది. ఆ ఇంటి మనిషికి దానితో సంబంధం లేదు, తాళం లేని ఆయన వైఫైని బయటివాళ్లు వాడుకున్నారు. పాత రౌటరును అటక దించినవాళ్లు అందులో డబ్ల్యూఈపీ అన్న తాళం ఉంటే దాన్ని తాళం అనుకోవద్దు. 2001లోనే దాని లోపం బయటపడింది. డబ్ల్యూపీఏ2 కనీసం, డబ్ల్యూపీఏ3 ఉంటే అది. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చాలి, రెండు పెట్టెల్లోనూ.

గోడలో నెట్ వైరు లేనివాళ్లు ల్యాండ్‌లైన్ టెలిఫోన్ సాకెట్ ఉందేమో చూడండి. ఆ సన్న తీగ నెట్‌కు పనికిరాదు గానీ, పైపులో వదులుగా కదిలితే దాని కొసకు కొత్త క్యాట్6 కేబుల్ కట్టి రెండో వైపు నుంచి మెల్లగా లాగొచ్చు. మా వీధి చివరింట్లో అలాగే లాగాం, ఒక మలుపులో ఇరుక్కుంటే కొబ్బరినూనె రాద్దామన్నారు వాళ్లావిడ. వద్దని సబ్బునీళ్లు పోశాం, జారింది. ఏ తీగా లేకపోతే కరెంటు తీగల మీదే నెట్ నడిపే పవర్‌లైన్ అడాప్టర్లున్నాయి. ఇంటి వైరింగును బట్టి ఒకచోట బాగుంటాయి, ఒకచోట తుస్సుమంటాయి, తిరిగి ఇచ్చే వీలుంటేనే కొనాలి.

ఇప్పుడు మేడ గదిలో మైనస్ 45. పెయింటర్ మూసేస్తానన్న ప్లేటు పక్కన చిన్న తెల్ల డబ్బా, బీరువా ఇంకో గోడకు జరిగింది. పోయిన ఆదివారం అక్క కాల్ చేసేసరికి నాన్నగారు గదిలో లేరు. ఫోను పట్టుకుని తొమ్మిదో మెట్టు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. గదిలో బాగా వస్తోంది కదా అన్నాను. "వస్తోందిరా, ఇక్కడ గాలి బాగుంటుంది" అన్నారు.